కన్సేలొ, కన్సెలో: స్పానిష్ ఊనిక దగ్గర తడబడిన ఒక విద్యార్థిని కేసు

ఆమె నా దగ్గరికి వచ్చేనాటికే స్పానిష్ బాగా చదివేది, రాసేది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు ఉద్యోగం. మెక్సికో కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడి వాళ్ల ఆర్డర్ల సమస్యలు తీర్చాలి. వ్యాకరణంలో తప్పులు దాదాపు లేవు. అయినా వారానికి రెండు మూడు సార్లు ఎవరో ఒకరు ఆమె మాటను తప్పుగా అర్థం చేసుకునేవారు. ఆమెను నా దాకా తెచ్చింది ఒక్క కాల్. "ఆర్డర్ ఇప్పుడే రద్దు చేస్తున్నాను" అని ఆమె చెప్పింది. అవతలి ఆయన మండిపడ్డాడు: "నేనెప్పుడు రద్దు చేశాను?"

ఆ కాల్‌లో ఏమన్నారో అలాగే మళ్లీ చెప్పమన్నాను. చెప్పింది. తప్పు వెంటనే వినబడింది. ఆమె అనాల్సిన మాటకు మూడు సిలబుల్స్, ఊనిక (నొక్కి పలకడం) మధ్య సిలబుల్ మీద: కన్-సే-లొ, అంటే 'రద్దు చేస్తున్నాను'. ఆమె నోట వచ్చింది కన్-సె-లో. ఊనిక చివరికి జరిగితే అది భూతకాలం, ప్రథమ పురుష. స్పానిష్‌లో గౌరవంగా 'మీరు' అనేటప్పుడు వాడేదీ అదే క్రియారూపం. కాబట్టి కస్టమర్‌కు వినబడింది 'మీరు రద్దు చేశారు' అని. ఆయన కోపం న్యాయమైనదే.

ఈ రాతలో స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఊనిక ఉన్న చోట దీర్ఘం పెట్టాను, లేని చోట హ్రస్వం. ఈ పద్ధతి కూడా ఈ కేసులోంచే పుట్టింది. అది ఎలాగో ముందు ముందు వస్తుంది.

మొదటి క్లాసులో ఒక కాగితం ఇచ్చి, మాటల్ని సిలబుల్స్‌గా విడగొట్టి ఊనిక ఎక్కడో గుర్తు పెట్టమన్నాను. ఫలితం చూసి కాసేపు ఏమీ అర్థం కాలేదు. 'పాడుతున్నాను' అనే కాన్-తొ సరిగ్గా విడగొట్టింది. అయిదు అనే సీన్-కొ, బ్యాంకు అనే బాన్-కొ కూడా సరే. కానీ 'వరకు' అనే ఆస్-త దగ్గర 'అ-స్త' అని గీత గీసింది. తలుపు అనే ప్వేర్-త 'ప్వె-ర్త' అయింది. ద్వీపం అనే ఈస్-ల 'ఇ-స్ల' అయింది. అన్నిట్లోనూ రెండు హల్లులు పక్కపక్కనే ఉన్నాయి. మరి కొన్నిట్లో తప్పు, కొన్నిట్లో ఒప్పు ఎందుకు?

ఆమె నోట్‌బుక్ అడిగి తీసుకున్నాను. జవాబు అందులో ఉంది. కొత్త మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుంది. కాంతో, సింకో, బాంకో అని సున్నా పెట్టి రాసిన మాటల్లో ఆ సున్నా ముందు అక్షరానికే అంటుకుని ఉంది, కాబట్టి గీత సరైన చోట పడింది. అస్తా, ఇస్లా అని వత్తుతో రాసిన వాటిలో రెండు హల్లులూ ఒకే గుంపుగా తర్వాతి అక్షరంలోకి పోయాయి. గీత వాటి ముందు పడింది. ఆమె చెవితో విడగొట్టడం లేదు, కంటితో విడగొడుతోంది. కాగితం మీద తెలుగు అక్షరం ఎక్కడ మొదలైతే అక్కడ కోస్తోంది.

రెండో విషయం కూడా ఆ నోట్‌బుక్‌లోనే దొరికింది. ఒకారంతో ముగిసే ప్రతి మాట చివరా 'ఓ' దీర్ఘం. అమిగో, కాంతో, సింకో, కన్సేలో. ఇందులో ఆమె తప్పేమీ లేదు. తెలుగు మాటలు హ్రస్వ ఒకారంతో దాదాపు ముగియవు. మనం రేడియో అంటాం, ఫోటో అంటాం, ఆటో అంటాం. ఆ అలవాటుతోనే స్పానిష్ మాట చివర దీర్ఘం తీస్తాం. తెలుగులో ఆ దీర్ఘం వల్ల ఏ నష్టమూ లేదు. స్పానిష్ చెవికి మాత్రం అది ఊనికలా వినబడుతుంది. 'మాట్లాడతాను' అనే ఆ-బ్లొ కాస్తా 'మాట్లాడారు' అనే అ-బ్లో అయిపోతుంది.

అన్నీ తెలిసినట్టే అనిపించింది. అయినా మొదట తప్పు దారి పట్టాను. అది కూడా చెప్పాలి.

నేను చేసింది అందరూ చేసేదే: నియమాల పట్టిక. మాట అచ్చుతో గాని, ఎన్ లేదా ఎస్ అక్షరంతో గాని ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో సిలబుల్ మీద. మరే హల్లుతో ముగిసినా చివరి సిలబుల్ మీద. ఈ రెండిటినీ దాటితే ఆ అచ్చు మీద కుడివైపుకు వాలిన చిన్న గీత పెట్టాలి, దాన్ని తిల్దె అంటారు. చివరి నుంచి మూడో సిలబుల్ మీద ఊనిక ఉంటే తిల్దె ఎప్పుడూ తప్పదు. మొత్తం ఇంతే. ప్రపంచంలో ఇంత నిజాయితీ గల రాత తక్కువ. స్పెల్లింగ్ చూస్తే చాలు, ఊనిక ఎక్కడో అనుమానం లేకుండా చెప్పొచ్చు. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు.

ఆ ఎన్, ఎస్ సంగతి చాలామంది బట్టీ పడతారు. కారణం చెబితే బట్టీ అక్కర్లేదు. స్పానిష్‌లో బహువచనం ఎస్‌తో వస్తుంది. 'వాళ్లు' అనే క్రియారూపం ఎన్‌తో వస్తుంది. ఇల్లు కా-స, ఇళ్లు కా-సస్. పాడుతుంది కాన్-త, పాడతారు కాన్-తన్. చివర ఒక హల్లు చేరినా ఊనిక కదల్లేదు. అందుకే ఆ రెండు హల్లుల్నీ అచ్చుతో సమానంగా లెక్కపెడతారు.

రెండు వారాల్లో ఆమె కాగితం మీద తిల్దెలు తప్పు లేకుండా పెట్టసాగింది. ఫోన్ రికార్డర్ పెట్టి చదివించాను. మాటల చివర దీర్ఘాలు అలాగే ఉన్నాయి. నియమం చేతికి వచ్చింది, నోటికి రాలేదు. "రూల్ తెలుసు మేడమ్, మాట్లాడేటప్పుడు టెన్షన్‌లో గుర్తురాదు" అంది. అసలు గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరమే ఉండకూడదు కదా.

ఆ తర్వాతి క్లాసులో పట్టిక పక్కన పెట్టేశాను. "తెలుగు మీడియంలో చదివారా?" అని అడిగాను. ఖమ్మం దగ్గర ఒక ఊళ్లో పదో తరగతి దాకా అంది. "గణవిభజన చేసేవారా?" నవ్వి, చేసేదాన్ని అంది. బోర్డు మీద 'పుస్తకం' అని రాసి గురులఘువులు పెట్టమన్నాను. క్షణం ఆలోచించకుండా 'పు' కింద గురువు పెట్టింది.

"పు హ్రస్వమే కదా, గురువు ఎందుకైంది?"

"తర్వాత సంయుక్తాక్షరం ఉంది కాబట్టి, మేడమ్."

"సంయుక్తాక్షరం పక్కనుంటే దీని బరువెందుకు పెరగాలి?"

ఆగిపోయింది. పద్యం చదివినట్టు నెమ్మదిగా ఆ మాట అనమన్నాను. పుస్... తకం. తనే విని తలెత్తి చూసింది. 'స్' నోట్లో 'పు'తోనే పోతోంది, 'త'తో కాదు. రాతలో వత్తు కిందికి చేరినా పలుకుబడిలో మొదటి హల్లు వెనకటి అక్షరానికే చెందుతుంది. లాక్షణికులు దాని ముందు అక్షరాన్ని గురువన్నది అందుకే. మన లిపి ఒక చోట కోస్తుంది, మన ఛందస్సు ఇంకో చోట కోస్తుంది. స్పానిష్ కోత మన ఛందస్సు కోతతో కలుస్తుంది. పుస్-త-కం తెలిసిన మనిషికి ఆస్-త కొత్త కాదు.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పరాయి భాష నేర్పడానికి కావాల్సిన పనిముట్టు ఆమె దగ్గరే, చిన్నప్పుడే నేర్చుకున్న పద్యాల్లో ఉంది. కార్-త, ఆల్-తొ, ప్వేర్-త, లెక్-స్యోన్, అన్నీ ఒక్క గంటలో దారికొచ్చాయి. నాలుగు హల్లులు కలిసిన ఇన్స్-త్రుక్-స్యో-నెస్ లాంటి మాట కూడా భయపెట్టలేదు.

అంతలో పా-ద్రె వచ్చింది. తండ్రి. కొత్తగా దొరికిన సూత్రం ఉత్సాహంలో ఆమె దాన్ని 'పద్-రె' అని కోసింది. నిన్నటిదాకా లిపిని బట్టి సరిగ్గా కోసిన మాటే, ఇవాళ తప్పయింది. స్పానిష్‌లో కొన్ని జంట హల్లులు విడిపోవు. పి, బి, ఎఫ్, కె, జి ధ్వనుల తర్వాత ర వచ్చినా, ల వచ్చినా రెండూ కలిసి తర్వాతి అచ్చుతోనే పోతాయి. త, దల తర్వాత ర వచ్చినా అంతే. మొత్తం పన్నెండు జంటలు. పా-ద్రె, ఓ-త్రొ, లీ-బ్రొ, ఆ-బ్లొ. దీనికి కూడా మన ఛందస్సులో ఒక చుట్టం ఉంది. ర వత్తును తేల్చి పలికే చోట, 'అద్రుచు' లాంటి మాటల్లో, ముందు అక్షరం లఘువుగానే ఉంటుందని లాక్షణికులు చెప్పారు. అది చెప్పగానే ఆమెకు పట్టుబడింది. తెలుగులో అది మినహాయింపు, స్పానిష్‌లో ఆ పన్నెండు జంటలకూ అదే సూత్రం.

త, ల జంట మీద స్పానిష్ వాళ్లలోనే రెండు పద్ధతులున్నాయి. స్పెయిన్‌లో ఎక్కువ మంది అత్-లే-త అంటారు, మెక్సికోలో అ-త్లే-త. ఆమె కస్టమర్లు మెక్సికో వాళ్లు. మెక్సికో ఆదివాసుల నావాత్ల్ భాష నుంచి వచ్చిన ఊరి పేర్లలో ఆ జంట ఎప్పుడూ కలిసే ఉంటుంది: మ-స-త్లాన్, త్లస్-కా-ల. కాబట్టి కలిపే నేర్పాను.

గట్టి ర దగ్గర మళ్లీ చిక్కు. కుక్క అనే మాటను 'పెర్రో' అని రాసుకుని, ఛందస్సు ప్రకారం పెర్-రొ అంది. స్పానిష్‌లో ఆ రెండు ఆర్‌లూ ఒకే ధ్వని, విడదీయకూడదు. దానికి బండి ఱ వాడమన్నాను. పే-ఱొ అంటే కుక్క, పే-రొ అంటే కానీ. గుర్రాన్ని ఒకప్పుడు గుఱ్ఱం అని రాసేవాళ్లమని ఆమెకు తెలుసు. మన రాతలో వాడుక తగ్గిన అక్షరం ఇక్కడ బాగా పనికొచ్చింది.

ఇక ఊనిక. నోట్‌బుక్ మొత్తం తిరగరాయమన్నాను. ఊనిక ఉన్న అచ్చుకే దీర్ఘం, మిగతావన్నీ హ్రస్వం. తెలుగు లిపికి ఒక అదృష్టం ఉంది: ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. హిందీ లిపిలో నేర్చుకునేవాళ్లకు ఈ వీలు లేదు. మాట చివర 'లొ' అని హ్రస్వం రాయడం ఆమెకు మొదట్లో వింతగా ఉండేది, అచ్చుతప్పులా అనిపించేది. నేను కోరుకున్నది కూడా అదే. కన్ను అక్కడ ఆగితే నోరూ ఆగుతుంది. ఆమె పనిలో రోజూ వచ్చే మాటలతో మూడేసి చొప్పున కట్టాం. నూ-మె-రొ అంటే సంఖ్య. ను-మే-రొ అంటే నంబర్లు వేస్తున్నాను. ను-మె-రో అంటే నంబర్లు వేశారు. అలాగే తేర్-మి-నొ పదం, తెర్-మీ-నొ ముగిస్తున్నాను, తెర్-మి-నో ముగించారు. వీటిని వరుసగా కాదు, కలగాపులగంగా చదివించి, ఏది చదివిందో నేను తెలుగులో అర్థం చెప్పేదాన్ని. నేను చెప్పిన అర్థం ఆమె అనుకున్నది కాకపోతే మళ్లీ చదవాలి. కస్టమర్ స్థానంలో నేను కూర్చున్నట్టు.

అచ్చుల జంటల దగ్గర చాలా వారాలు పట్టాయి. నా అనుభవంలో తెలుగువాళ్లకు అసలు కష్టం ఇక్కడే. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే మనం మధ్యలో యడాగమమో వకారమో తెచ్చుకుని రెండు అక్షరాలుగా పలుకుతాం. స్పానిష్‌లో అ, ఎ, ఒ బలమైన అచ్చులు, ఇ, ఉ బలహీనమైనవి. బలమైనవి రెండు కలిస్తే విడిపోతాయి: కవి అనే పొ-ఏ-త మూడు సిలబుల్స్. బలహీనమైనది చేరితే కలిసిపోతాయి. నగరం అనే మాటను ఆమె 'సి-యు-దాద్' అనేది, అది స్యు-దాద్, రెండే. బలహీనమైన అచ్చు మీదే ఊనిక పడితే మళ్లీ విడిపోతాయి, దానికి గుర్తుగా తిల్దె ఉంటుంది. రాసుకోవడానికి ఒక ఉపాయం పెట్టుకున్నాం: కలిసిపోతే య వత్తు, వ వత్తు. విడిపోతే రెండు వేర్వేరు అక్షరాలు. మందుల షాపు ఫర్-మా-స్య, పోలీసు పొ-లి-సీ-అ. స్పెల్లింగ్‌లో రెండిటి చివరా అవే రెండు అచ్చులు. తేడా అంతా ఒక్క తిల్దెది.

ఆమెకు బాగా నచ్చిన మూడు మాటలు ఇక్కడివే. కొన్-తీ-న్వొ, నిరంతరమైన. కొన్-తి-నూ-ఒ, కొనసాగిస్తున్నాను. కొన్-తి-న్వో, కొనసాగింది. ఊనికతో పాటు సిలబుల్స్ లెక్క కూడా మారుతోంది చూడండి: మూడు, నాలుగు, మళ్లీ మూడు. సిలబుల్స్ విడగొట్టకుండా ఊనిక వెతకొద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే. లెక్క చివరి నుంచి మొదలవుతుంది. ఆ లెక్కే తప్పితే నియమం ఎంత తెలిసినా ఊనిక తప్పు చోటే పడుతుంది.

అంతా సర్దుకుందనుకున్న సమయంలో డాక్టర్, హాస్పిటల్, హోటల్, కలర్ ఎదురయ్యాయి. ఇవి మన తెలుగులో ఎప్పుడో స్థిరపడిన మాటలు. డాక్టర్‌లో 'డా' దగ్గర, హాస్పిటల్‌లో 'హా' దగ్గర దీర్ఘం గట్టిపడిపోయింది. స్పానిష్‌లో ఇవన్నీ హల్లుతో ముగుస్తాయి కాబట్టి ఊనిక చివర: దొక్-తోర్, ఒస్-పి-తాల్, ఒ-తేల్, కొ-లోర్. కొత్త మాటలు సరిగ్గా పలికే మనిషి ఈ పాత చుట్టాల దగ్గర జారిపోయేది. ఇంటి దగ్గర తెలుగులో రోజూ ఒకలా అంటూ, ఆఫీసులో ఇంకోలా అనాలి. దీనికి ఉపాయమేమీ లేదు, చదివి చదివి అలవాటు కావాల్సిందే. టెలిఫోన్ మరీ మొండిది. తె-లే-ఫొ-నొ అనాల్సిన చోట 'ఫో' సాగదీయడం చివరి క్లాసు దాకా పూర్తిగా పోలేదు.

ఊరి పేర్లు ఆమె పనికి ప్రాణం, అడ్రసులన్నీ అవే. మే-హి-కొ, కె-రే-త-రొ, మే-రి-ద, ఇవి చివరి నుంచి మూడోవి, తిల్దె తప్పనివి. గ్వ-ద-ల-హా-ర, దు-రాన్-గొ మామూలువి. బె-ర-క్రూస్ చివరి అక్షరం జెడ్ కాబట్టి ఊనిక చివర. మొన్-తె-ఱేయ్ చివర వై ఉంటుంది, దాన్ని హల్లుగా లెక్కపెడతారు కాబట్టి తిల్దె లేకుండానే ఊనిక చివర. క్లాసు మొదట్లో పది నిమిషాలు మెక్సికో మ్యాప్ పెట్టి వేలు పెట్టిన ఊరి పేరు చదివించేదాన్ని.

ఆర్డర్లు అనే మాట వల్ల ఇంకో మేలు జరిగింది. ఒక ఆర్డర్ ఓర్-దెన్, తిల్దె లేదు. బహువచనం ఓర్-దె-నెస్, ఇక్కడ తిల్దె వస్తుంది. అడ్రస్ దీనికి తలకిందులు: ది-రెక్-స్యోన్‌కు తిల్దె ఉంది, ది-రెక్-స్యో-నెస్‌కు లేదు. రెండు మాటల్లోనూ ఊనిక కదల్లేదు, వెనక ఒక సిలబుల్ చేరిందంతే. లెక్క మారింది, కాబట్టి గీత వచ్చింది లేదా పోయింది. అంతకుముందు ఆమె ఏకవచనంలో గీతను చూసి బహువచనంలోనూ అలాగే పెట్టేసేది. ఈ జంట తర్వాత ఆ తప్పు మళ్లీ చూడలేదు.

దీర్ఘం పద్ధతి చేతికర్ర లాంటిది. చివరి నెలలో దాన్ని లాగేశాను. స్పానిష్‌లో ఊనిక ఉన్న అచ్చు కాస్త పొడవుగా ఉంటుంది గాని, మన దీర్ఘమంత కాదు. అక్కడ గొంతు పైకి లేవడం, కాస్త బలం చేరడం ముఖ్యం. దీర్ఘాలు అలాగే ఉంచితే మాట అర్థమవుతుంది, కానీ పాడుతున్నట్టు ఉంటుంది. కాబట్టి తెలుగు నోట్స్ మూసేసి, స్పానిష్ రాతను చూస్తూ, ఊనిక ఉన్న చోట పెన్నుతో బల్ల మీద తట్టమన్నాను. తట్టిన చోట సాగదీయకూడదు. రెండు క్లాసులు ఇబ్బంది పడింది. తట్టడం, సాగడం ఆమెకు విడదీయరానివిగా ఉండేవి. మూడో క్లాసులో పెన్ను లేకుండా తల చిన్నగా ఊపుతూ చదవడం చూశాను. నేనేమీ అనలేదు.

మొత్తం పద్నాలుగు వారాలు, వారానికి రెండు గంటలు. కస్టమర్ల కాల్స్ బయటికి తీసుకురావడానికి వీల్లేదు కాబట్టి నేను వినలేదు. అపార్థాలు దాదాపు ఆగాయని ఆమె చెప్పింది. నా ఫోన్‌లో ఉన్న మొదటి రికార్డింగ్, చివరి రికార్డింగ్ పక్కపక్కన పెట్టి వింటే ఆ మాట నమ్మగలిగాను. మిగిలిపోయినవీ ఉన్నాయి. వెనక సర్వనామాలు చేరిన కన్-సె-లాన్-దొ-లొ లాంటి పొడుగు మాటల్లో వేగం పెరిగితే చివరి 'లొ' మళ్లీ సాగుతుంది. పైన చెప్పిన టెలిఫోన్ ఉండనే ఉంది.

చివరి క్లాసులో తిల్దెలన్నీ తీసేసిన ఒక పేజీ ఇచ్చి తిరిగి పెట్టమన్నాను. కింది నుంచి మూడో లైను దగ్గర ఆమె పెన్ను ఆగింది. పేజీ కత్తిరించేటప్పుడు ఆ వాక్యం సగంలో తెగిపోయిందని నేను చూసుకోలేదు. 'ఎల్ సెర్వీస్యొ', అంటే సేవ, దాని పక్కన ఆ మూడు రూపాల మాట. అక్కడితో ముగిసింది. ఆమె దాని పక్కన రెండు రూపాలు రాసింది: కొన్-తీ-న్వొ, కొన్-తి-న్వో. "నిరంతర సేవా, సేవ కొనసాగిందా? తర్వాతి మాట లేకుండా గీత పెట్టలేను మేడమ్" అంటూ కాగితం నా వైపు తిప్పింది.